షాట్‌గన్ బరువు ఎక్కడుండాలి: కొలతల నుంచి స్వింగ్ కుదిరేదాకా

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో షాట్‌గన్ చేతికొచ్చే దారులు రెండు. ఉదయగిరి, వింజమూరు, కందుకూరు వైపు మెట్ట ఊళ్లలో పంట కాపలాకని తాతలు తీసుకున్న 12 బోర్ డబుల్ బ్యారెల్ వారసత్వంగా రావడం ఒకటి. గాలిలోకి విసిరే బిళ్లలను (వీటినే క్లేలంటారు) కొట్టే ట్రాప్, స్కీట్ ఆటలు ఆడాలన్న పట్టుదలతో కొనుక్కోవడం రెండోది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో వెండి పతకం తెచ్చాక ఈ ఆట పేరు మనదాకా వచ్చింది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్ ట్రాప్‌లో కాంస్యం గెలిచాక, ఇది రాజస్థాన్, పంజాబ్ వాళ్ల ఆటే అన్న మాట కూడా తగ్గింది.

ఏ దారిన వచ్చినా రేంజ్‌లో మొదటి నెలల్లో అందరి ఫిర్యాదూ ఒకటే. "గన్ను చేతిలో బాగానే ఉందన్నా, కానీ గుండు క్లే వెనకాలే పోతోంది." వెంటనే చోక్ (గుండ్ల గుంపు ఎంత విచ్చుకోవాలో తేల్చే, మూతి దగ్గరి గొట్టం) మారుస్తారు, కార్ట్రిడ్జ్ కంపెనీ మారుస్తారు. గన్నులో బరువు ఎక్కడెక్కడ పేరుకుని ఉందో చూసేవాళ్లు తక్కువ. ఆ పని ఇంట్లోనే, పెద్ద ఖర్చు లేకుండా ఎలా చేసుకోవచ్చో వరసగా చెప్తాను.

ముందు కాగితాలు

లైసెన్సు మీ పేరున లేని గన్నును సరదాకి కూడా భుజానికెత్తొద్దు. లైసెన్సులో ఏరియా వ్యాలిడిటీ ఆంధ్రప్రదేశ్ వరకే ఉంటే గచ్చిబౌలి రేంజ్‌కి తీసుకెళ్లడం కుదరదు. 2014 తర్వాత అది వేరే రాష్ట్రం కదా. సింహపురి ఎక్స్‌ప్రెస్ టికెట్ తీసేముందే ఈ సంగతి చూసుకోండి. ఎలక్షన్లప్పుడు గన్ను స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు కాబట్టి ప్రాక్టీసు ప్లాను దానికి తగ్గట్టు వేసుకోవాలి.

బ్యారెల్ పొడవు తగ్గిస్తే ముందు బరువు తగ్గుతుందని ఎవరైనా సలహా ఇస్తే ఆ మాట అక్కడే వదిలేయండి. అనుమతి లేకుండా బ్యారెల్ కోయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. ఇక నేలపట్టు, పులికాట్ పక్షుల మీద స్వింగ్ (గురి వెంట గన్ను తిప్పడం) ప్రాక్టీసు చేద్దామనుకునేవాళ్లకు ఈ వ్యాసం కాదు. 1972 నుంచి వన్యప్రాణుల చట్టం ఉంది, దాని కింద జైలూ ఉంది.

కింద చెప్పే ప్రతి పనికీ ముందు గన్ను తెరిచి, రెండు గొట్టాల్లోంచీ వెలుతురు చూడండి. కార్ట్రిడ్జ్‌లు ఆ గదిలోనే ఉండకూడదు.

బరువు చేసే పని

స్కీట్‌లో మధ్య స్టేషన్ (షూటర్ నిలబడే చోటు) నుంచి కొట్టే క్లే దాదాపు 20 మీటర్ల దూరంలో అడ్డంగా పోతుంది. దాని వేగం గంటకు 80 కిలోమీటర్లు, అంటే సెకనుకు 22 మీటర్లు అనుకుందాం. దానితో పాటు గన్ను మూతి సెకనుకు 60 డిగ్రీలకు పైగా తిరగాలి. గుండ్లు అక్కడికి చేరడానికి సెకనులో వందింట ఆరు వంతులు పడుతుంది. ఆలోపు క్లే మీటరుకు పైగా ముందుకు జరిగిపోతుంది. అందుకే దాని ముందుకు కొడతాం, కొడుతూ కూడా తిప్పుతూనే ఉంటాం.

ఇక్కడే చిక్కు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో మనిషి చెయ్యి తెలియకుండానే ఆగుతుంది. సెకనులో యాభయ్యో వంతు పాటు మూతి నిలబడిపోయిందంటే ఒక డిగ్రీకి పైగా తేడా వస్తుంది. 20 మీటర్ల దగ్గర అది 44 సెంటీమీటర్లు. క్లే అడ్డుకొలత 11 సెంటీమీటర్లే. గుండ్ల గుంపు మొత్తం దాని వెనక నుంచి పోతుంది.

మూతి ఆగకుండా పట్టేది బరువే. అయితే త్రాసులో పెడితే తేలే బరువు వేరు, తిప్పేటప్పుడు చేతికి తగిలే బరువు వేరు. రెండోదాన్ని ఇంటర్ ఫిజిక్స్‌లో జడత్వ భ్రామకం అని చదివాం. ఒక ముక్క బరువును, తిరిగే బిందువు నుంచి దానికున్న దూరం వర్గంతో గుణించాలి. అన్ని ముక్కలకూ అలా కట్టి కూడితే వచ్చేదే అది. ఆ వర్గాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 100 గ్రాముల సీసపు ముక్కను బ్యాలెన్స్ బిందువుకు (గన్ను వేలి మీద తూగి నిలిచే చోటుకు) 20 సెంటీమీటర్ల ముందు పెట్టడానికీ, 70 సెంటీమీటర్ల ముందు మూతి దగ్గర పెట్టడానికీ మధ్య, తిప్పేటప్పుడు అది ఇచ్చే ఎదురులో తేడా పన్నెండు రెట్లు పైమాటే.

రెండు చివరలా బిందెలున్న కావడి భుజం మీద ఎంత పొందిగ్గా నిలిచినా సందు మలుపులో తిప్పాలంటే ఎంత మొండికేస్తుందో మోసినవాళ్లకు తెలుసు. అదే నీళ్లు భుజం పక్కనే ఉంటే గిర్రున తిరగొచ్చు. బ్యాలెన్స్ బిందువు రెండింటికీ ఒకటే. షాపుల్లో గన్నును వేలి మీద నిలబెట్టి "చూడండి సార్, పర్ఫెక్ట్ బ్యాలెన్స్" అనేవాళ్లు చూపించేది ఈ సగం సంగతే.

లెక్కగా కావాలంటే ఇది చూడండి. 100 గ్రాములు 70 సెంటీమీటర్ల ముందు, 200 గ్రాములు 35 సెంటీమీటర్ల వెనక స్టాక్‌లో (భుజానికి ఆనించే చెక్క భాగంలో) పెట్టండి. 100ని 70తో, 200ని 35తో గుణిస్తే రెండువైపులా 7,000 వస్తుంది. బ్యాలెన్స్ బిందువు వెంట్రుకంత కూడా జరగదు. కానీ గన్ను మొదలు పెట్టడానికీ, ఆపడానికీ ముందుకన్నా బాగా బరువెక్కుతుంది.

మొదటి అడుగు: ఫిట్టింగ్

బరువు సంగతి తర్వాత, ముందు గన్ను మీ ఒంటికి సరిపోయిందా? కళ్లు మూసుకుని ఖాళీ గన్నును భుజానికెత్తండి. చెంప స్టాక్‌కి ఆనాక కళ్లు తెరవండి. కన్ను రిబ్‌కు (బ్యారెల్ పైనున్న పట్టీకి) నేరుగా, కొద్దిగా పైనుంచి చూడాలి. పక్కకి పోయిందంటే స్టాక్ పొడవో వంపో తేడా. ముందు అది సరిచేయించండి. ఎందుకంటే వెనక రెండు సెంటీమీటర్ల రబ్బరు ప్యాడ్ చేర్చినా, చెంప దగ్గర చెక్క చెక్కినా బరువు లెక్క మళ్లీ మారుతుంది.

స్టాక్ పనికి లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లండి. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు ఎంత నగిషీగా చెక్కుతారో లోకానికంతా తెలుసు, కానీ ఆ పనివాళ్ల చేతికి గన్ను ఇచ్చి రావడం వాళ్లనీ చిక్కుల్లో పెట్టడమే. పాత గన్నులకు స్టాక్ విరిగినప్పుడు ఊళ్లో దొరికిన బరువు చెక్కతో కొత్తది చేయించిన సందర్భాలు ఉన్నాయి. అలాంటి గన్నులో మూతి గాలిలో తేలిపోతుంటే తప్పు బ్యారెల్‌ది కాదు, వెనక చెక్కది.

రెండో అడుగు: కొలతలు

మూడు కొలతలు చాలు. ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి.

మొదటిది మొత్తం బరువు. చోక్‌లు బిగించి, స్లింగ్ (భుజాన తగిలించుకునే పట్టీ) తీసేసి తూచండి. పాత సైడ్ బై సైడ్ (గొట్టాలు పక్కపక్కన ఉండే) డబుల్ బ్యారెల్ సాధారణంగా 3 కిలోల చుట్టూ ఉంటుంది. క్లే షూటింగ్‌కి చేసిన ఓవర్ అండర్ (గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉండేది) మూడున్నర కిలోల పైన, ట్రాప్ గన్ అయితే 4 కిలోల దాకా కూడా ఉంటుంది.

రెండోది బ్యాలెన్స్ బిందువు. ఒక గుండ్రటి కర్రకు గుడ్డ చుట్టి దాని మీద గన్నును అడ్డంగా నిలబెట్టండి. ఆగిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి, గన్ను మడిచే హింజ్ పిన్ నుంచి అది ఎంత దూరమో కొలవండి. పిన్ మీదే ఆగితే మధ్యస్థం. సెంటీమీటరో రెండో ముందుంటే ముందు బరువు గన్ను, వెనకుంటే వెనక బరువు గన్ను. గన్‌స్మిత్‌తో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క అంకె చెప్తే సగం సంగతి అతనికి అర్థమవుతుంది.

మూడోదే అసలు కొలత. దీన్ని ఎవరూ చేయరు. బట్టలారేసే ఇనప రాడ్‌కి రెండు గట్టి తాళ్లు, ఒక్కొక్కటి సరిగ్గా మీటరు పొడవు, 40 సెంటీమీటర్ల ఎడంలో కట్టండి. వాటి కింది కొసల్లో గన్నును అడ్డంగా వేలాడదీయండి. బ్యాలెన్స్ గుర్తుకు ఇటు 20, అటు 20 సెంటీమీటర్ల దూరంలో తాళ్లు ఉండాలి. కింద పరుపు వేయండి. ఈ పని లోపలి గదిలో చేయండి, వీధి వరండాలో చేస్తే పక్కింటివాళ్లు కంగారుపడి ఫోన్లు చేస్తారు. ఇప్పుడు మూతిని ఒక జానెడు పక్కకి తిప్పి వదిలేయండి. గన్ను ఆ తాళ్ల మీద అటూ ఇటూ మెల్లగా తిరుగుతుంది. వెళ్లి తిరిగొస్తే ఒకటి. అలా ఇరవై ఊపులకు పట్టిన కాలం ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూసి ఇరవైతో భాగించండి.

ఆ కాలాన్ని దానితోనే గుణించి, గన్ను బరువుతో మళ్లీ గుణిస్తే వచ్చే అంకె మీ గన్ను తిరుగుడు అంకె. తాళ్ల పొడవూ ఎడమూ మార్చనంతవరకు ఏ రెండు గన్నులనైనా దీనితో పోల్చుకోవచ్చు. ఉదాహరణకు రెండు గన్నులూ 3.4 కిలోలే అనుకుందాం. ఒకటి ఊపుకు 2.8 సెకన్లు, ఇంకోటి 3 సెకన్లు తీసుకుంది. అంకెలు 26.7, 30.6. త్రాసులో సమానమే, వేలి మీద కూడా ఒకేచోట ఆగొచ్చు, కానీ రెండోదాన్ని తిప్పడం దాదాపు 15 శాతం కష్టం. చేతికి ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

మూడో అడుగు: మీకు కావల్సిందేమిటి

ట్రాప్‌లో క్లే షూటర్ నుంచి దూరంగా పోతుంది. పక్కకి కోణం గరిష్ఠంగా 45 డిగ్రీలు. గన్ను ముందే భుజాన ఉంటుంది. కదలిక చిన్నది, కానీ నిక్కచ్చిగా ఉండాలి. అందుకే ట్రాప్ వాళ్లు 30, 32 అంగుళాల బ్యారెల్‌తో ముందు కాస్త బరువున్నది కోరుకుంటారు. క్వాలిఫికేషన్‌లో (ఫైనల్‌కు ముందు దశలో) ఒక్కో క్లేకి రెండో గుండు కూడా కొట్టొచ్చు కాబట్టి మొదటి దెబ్బకు మూతి పైకి లేవకుండా ఆ బరువు తొక్కిపెడుతుంది.

స్కీట్ వేరు. ఒలింపిక్ పద్ధతిలో క్లే కనిపించేదాకా గన్ను నడుము దగ్గర ఉండాలి. అక్కడి నుంచి భుజానికి రావాలి, వెంటనే తిరగాలి, రెండో క్లే కోసం దిశ మార్చాలి. చివరల్లో బరువున్న గన్ను ఇక్కడ ఆలస్యం చేస్తుంది. చేతుల మధ్య బరువున్నదే నయం. అలాగని మరీ తేలికదైతే మొదటి క్లేకి బ్రహ్మాండంగా లేచి, ట్రిగ్గర్ దగ్గర ఆగిపోతుంది.

మొత్తం బరువు ఎక్కువైతే లాభమూ ఉంది. అదే 24 గ్రాముల కార్ట్రిడ్జ్‌కి 3.3 కిలోల గన్నుకన్నా 3.8 కిలోల గన్ను వెనక్కి తన్నే శక్తి దాదాపు 13 శాతం తగ్గుతుంది. కానీ క్వాలిఫికేషన్ అంటే 125 క్లేలు, రౌండుకు 25 చొప్పున. ఎండాకాలం ఒంగోలు ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నాలుగో రౌండుకి ముందు చెయ్యి వణికిపోతే ఆ బరువు మిమ్మల్ని ఆదుకోదు. కొత్తవాళ్లకు, సన్నటి భుజాలవాళ్లకు నేను చెప్పేది తక్కువతో మొదలుపెట్టమనే. బరువు తర్వాత ఎప్పుడైనా చేర్చుకోవచ్చు, చెడిపోయిన అలవాటును తీయడం కష్టం.

నాలుగో అడుగు: ముందు చెయ్యి జరిపి చూడండి

పైసా ఖర్చు లేదు, కానీ చాలామంది చేయరు. ఫోరెండ్ (బ్యారెల్ కింద ముందు చెయ్యి పట్టే చెక్క) మీద ముందు చెయ్యి రెండు అంగుళాలు వెనక్కి, రిసీవర్ (ట్రిగ్గర్ పైనున్న లోహపు భాగం) వైపు జరిపితే మూతి బరువుగా తోస్తుంది, చెయ్యి కొంచెం కదిపినా మూతి ఎక్కువ తిరుగుతుంది. అదే చెయ్యి ముందుకి చాపితే మూతి అదుపులో ఉంటుంది, స్వింగ్ నెమ్మదిస్తుంది. మూతి ఎగిరెగిరి పడుతోందంటే ముందుకి జరపండి. ఎటూ తిరగకుండా బిగుసుకుపోతోందంటే వెనక్కి. ఈ ఒక్క మార్పుతో సరిపోయిందా, సీసం జోలికే వెళ్లొద్దు.

పాత సైడ్ బై సైడ్‌కి ఇది మరీ ముఖ్యం. వాటి ఫోరెండ్ సన్నగా, పొట్టిగా ఉంటుంది. చెయ్యి చాపితే వేళ్లు నేరుగా బ్యారెల్ మీదికే వస్తాయి. నాలుగు గుండ్లకే చుర్రుమంటుంది, గ్లోవ్ వేసుకోండి. పాత బ్యారెల్ ఇప్పటి కార్ట్రిడ్జ్‌లకు ఆగుతుందో లేదో గన్‌స్మిత్ చూసి చెప్పాకే ఇదంతా.

ఐదో అడుగు: బరువు కలపడం

టైర్ షాపులో అల్లాయ్ వీల్స్ బ్యాలెన్సింగ్‌కి వాడే స్టిక్కర్ వెయిట్లు అడగండి. 5, 10 గ్రాముల ముక్కలు వరసగా అతికించిన పట్టీ ఇస్తారు. ఒక్కో ముక్కను విరిచి అంటించుకోవచ్చు, పీకేయొచ్చు. ప్రయోగానికి ఇంతకన్నా వీలైనది నాకు దొరకలేదు. బ్యారెల్ మీద జిడ్డు గుడ్డతో తుడిచి, ముందు సన్నటి టేపు చుట్టి, దాని మీద అంటించండి. లేకపోతే బ్లూయింగ్ (బ్యారెల్ మీది నల్లటి నీలి పూత) ఊడొస్తుంది.

ఫోరెండ్ చివర, బ్యారెల్ అడుగున మొదలుపెట్టండి. 20 గ్రాములు, అంతే. మూతి కొసకి ఒకేసారి పోవద్దు. 3.4 కిలోల గన్నుకి మూతి దగ్గర 100 గ్రాములు కలిపితే త్రాసులో పెరిగేది 3 శాతమే, కానీ ఇందాకటి తాళ్ల ఉయ్యాల లెక్కలో (తిరుగుడు అంకెలో) 15 నుంచి 20 శాతం దాకా పెరిగిపోతుంది. బ్యాలెన్స్ బిందువు కూడా దాదాపు 2 సెంటీమీటర్లు ముందుకి పోతుంది. ఒకేసారి అంత పెట్టి చూసిన పెద్దాయన ఎవరైనా "ఏందబ్బయా, ఇది గన్నా గునపమా" అంటే ఆశ్చర్యం లేదు.

బ్యారెల్ లోపల గానీ, మూతికి అడ్డం వచ్చేలా గానీ ఏదీ పెట్టొద్దు. అంటించింది వదులుగా ఉన్నా ప్రమాదమే. బయటికి పొడుచుకొచ్చే చోక్‌లు కూడా బరువేనని మర్చిపోకండి. కొసన కూర్చునే ఆ కొద్ది గ్రాములే స్వింగ్‌ను మార్చేస్తాయి. కొత్త చోక్ కొన్న రోజునుంచి గన్ను మొండికేసిందంటే కారణం అదే కావొచ్చు.

వెనక బరువు కావాలంటే రబ్బరు ప్యాడ్ విప్పితే చాలా గన్నుల్లో స్టాక్ బోల్ట్ కోసం చేసిన రంధ్రం కనిపిస్తుంది. మన తీరంలో వలలకు కట్టే సీసం గుళ్లు దొరుకుతాయి. వాటిని గుడ్డలో మూటలా బిగించి అందులో దూర్చండి. ఊపితే గలగలమనకూడదు, బోల్ట్‌కి తగలకూడదు. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. స్టాక్ కొసకి ఎంత దగ్గరగా పెడితే తిరుగుడు అంకె అంత పెరుగుతుంది. బిందువును వెనక్కి తేవడమే కావాలి, స్వింగ్ మొద్దుబారకూడదు అనుకుంటే సీసాన్ని రంధ్రం లోపలికంటా, గ్రిప్ వైపు తోయండి.

గ్యాస్‌తో పనిచేసే సెమీ ఆటోమేటిక్‌లో ఆ సిస్టమ్ ఫోరెండ్‌లోనే ఉండటంతో ముందు బరువు ఎలాగూ ఉంటుంది. వాటిలో కొన్నిటికి మ్యాగజీన్ క్యాప్ బదులు బిగించుకునే వెయిట్లు కంపెనీలే ఇస్తాయి.

ఒక్కసారి ఒక్క మార్పే. రెండు చోట్లా ఒకేరోజు మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. ప్రతి మార్పు తర్వాత ఉయ్యాల మళ్లీ కట్టి అంకె రాయండి. బిందువు జరిగింది కాబట్టి తాళ్లు కూడా కొత్త గుర్తుకు అటూ ఇటూ సమంగా జరపాలి.

ఆరో అడుగు: గోడా కప్పూ కలిసే గీత

ఖాళీ గన్నుతో, గదిలో గోడా కప్పూ కలిసే గీత చూడండి. ఎడమ మూల నుంచి కుడి మూలకి మూతిని ఆ గీత వెంబడే నడిపించండి. మూతి గీతకి పైకీ కిందకీ వణుకుతోందంటే ముందు తేలిక. మూల దగ్గర ఆపాలన్నా ఆగక ముందుకి దూసుకుపోతోందంటే చివరల్లో బరువు ఎక్కువ. మొదలుపెట్టేటప్పుడే ఒంటిని కుదిపి లాగాల్సి వస్తోందంటే మొత్తం బరువే మీకు ఎక్కువ. మూల దాటాక కూడా ఒక అడుగు మేర తిప్పి ఆపడం అలవాటు చేసుకోండి. ట్రిగ్గర్ నొక్కి చూడాలంటే డమ్మీ స్నాప్ క్యాప్‌లు వాడాలి.

పొద్దున తాజాగా ఉన్నప్పుడు ఒకసారి, సాయంత్రం పనంతా అయ్యాక ఒకసారి చేయండి. పొద్దున బ్రహ్మాండంగా తిరిగి, సాయంత్రం గీత కిందికి జారిపోతుంటే ఆ గన్ను మ్యాచ్ రోజు చివరి రౌండులో కూడా అంతే జారుతుంది.

రేంజ్‌లో

మీ వెనక, భుజం మీదుగా చూసే మనిషి ఒకరు కావాలి. గుండు ఎటు పోయిందో కొట్టేవాడికన్నా అతనికే బాగా కనిపిస్తుంది. అన్నీ వెనక పోతున్నాయంటే ముందు బరువు 10 గ్రాములు పెంచి చూడండి. దానికి ముందు ఇంకోటి తేల్చుకోవాలి. క్లేని చూస్తున్నారా, మూతి మీది పూసని చూస్తున్నారా? పూసని చూసేవాడి గన్ను ఎంత బరువున్నా ఆగుతుంది, అది సీసంతో తీరే జబ్బు కాదు. క్లే ముందు నుంచి పోతున్నాయన్నా, ట్రాప్‌లో ఊహించని కోణానికి మూతి మళ్లట్లేదన్నా బరువు తగ్గించాలి. మొదటి రెండు రౌండ్లు బాగుండి ఆ తర్వాత గుండ్లు క్లే కిందకి పోతుంటే ఫోరెండ్ దగ్గరిది తీసేయండి.

ఒక మార్పును కనీసం నాలుగైదు రౌండ్లు కొట్టకుండా తేల్చొద్దు. ఒక్క రౌండులో 22 వచ్చిందని పట్టీ పర్మనెంట్ చేసేసి, వారం తర్వాత 17కి పడ్డాక టెన్షన్ పడేవాళ్లున్నారు. కుదిరిందని నమ్మకం వచ్చాక ఆ గ్రాములు, అవి ఉన్న చోటు రాసుకుని గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లండి. ఫోరెండ్ లోపలో స్టాక్ లోపలో అంతే బరువును కదలకుండా అమర్చి ఇస్తాడు. చోటు మారితే లెక్క మారుతుంది కాబట్టి ఇంటికొచ్చాక ఉయ్యాల మళ్లీ కట్టి, పాత అంకెతో సరిచూసుకోండి. తేడా ఒకటి రెండు శాతం లోపుంటే సరే. ఎక్కువుంటే, డబ్బులిచ్చేశాం కదా అని ఊరుకోకుండా గన్నును వెనక్కి తీసుకెళ్లండి.